చెలకలో సూర్యవిద్యుత్తు: కౌలునకిచ్చుటయా, స్వయముగా పెట్టుకొనుటయా?

శ్రీరాంపూరు గనుల చుట్టుపట్ల గ్రామములకు పోయినపుడు ఈ మధ్య రైతులు అడుగుచున్నది విత్తనమును గురించి కాదు, ఎరువును గురించి కాదు. “సోలార్ వాళ్లొచ్చి చెలకను ఇరవై అయిదేండ్లకు కౌలుకు అడుగుతున్నరు సారూ, ఇయ్యమంటరా?” అని అడుగుచున్నారు. మరికొందరు “మేమే పెట్టుకుంటే బ్యాంకు అప్పు ఇస్తదా?” అని అడుగుచున్నారు. ఇరవై అయిదేండ్లనగా ఒక తరము. తండ్రి వ్రాలు చేసిన కాగితమునకు కొడుకు కట్టుబడి యుండవలెను. కావున ఔననుటకుగాని కాదనుటకుగాని ముందు ఈ వ్యవహారము ఎట్లు నడుచునో రైతు సోదరులు తెలిసికొనుట మంచిది.

రోడ్డు, కాలువ, విద్యుత్కేంద్రము వంటి పనులకు ఒక్కసారిగా పెద్ద మొత్తము కావలెను. ప్రభుత్వము వద్ద అంత సొమ్ము లేనపుడు ప్రైవేటువారిచేత పెట్టుబడి పెట్టించి, దానిపై వచ్చు రాబడిని కొన్ని ఏండ్లపాటు వారినే తీసికొననిచ్చెదరు. హైదరాబాదు నుండి కరీంనగరము, పెద్దపల్లి మీదుగా రామగుండము పోవు రాజీవ్ రహదారిపై టోలు కట్టినవారందరికిని ఇది అనుభవములోనిదే. మన ప్రక్కనున్న జైపూరు సింగరేణి విద్యుత్కేంద్రము మాత్రము ఈ జాతిది కాదు. 2016లో పని ప్రారంభించిన ఆ 600 మెగావాట్ల యంత్రములు రెండును సింగరేణివి. సింగరేణిలో నూటికి 51 వాటాలు రాష్ట్రానివి, 49 కేంద్రానివి. రెండు జేబులును ప్రభుత్వపువే.

భాగస్వామ్యమను మాట క్రొత్తదిగాని విషయము మనకు పాతదే. భూమిని గుత్తకిచ్చినచో పంట పండినను ఎండినను ఆసామికి ముట్టవలసినది ముట్టును, నష్టము కౌలుదారునిది. పాలుకిచ్చినచో కల్లములో కుప్పను చూచి పంచుకొందురు. కరవు వచ్చిన ఇద్దరికిని కరవే. పెద్ద కంపెనీలతో ప్రభుత్వము చేసికొను ఒడంబడికలు కూడ ఈ రెంటిలో ఏదో ఒక దాని వైపు మొగ్గియుండును. నూరు పేజీల దస్తావేజైనను అందులో వెదకవలసిన సంగతి ఒక్కటే: కాలము కలిసిరాని యేడు నష్టము ఎవరి నెత్తిన పడును?

నిజాము రాష్ట్రములో రైలు వేయుటకు 1883లో లండనులో ఒక కంపెనీ ఏర్పడినది. దాని పేరులోనే హామీ యున్నది: ‘నిజాముగారి గ్యారంటీడ్ స్టేట్ రైల్వే’. బండ్లకు బేరము వచ్చినను రాకున్నను పెట్టుబడిదారులకు నూటికి 5 చొప్పున వడ్డీ ముట్టునట్లు 20 ఏండ్లకు ప్రభుత్వము పూటపడినది. మంచిర్యాల మీదుగా పోవు కాజీపేట–బల్హార్షా మార్గము 1929 నాటికి పూర్తియైనది. 1930లో ప్రభుత్వమే రైల్వేను స్వాధీనము చేసికొన్నది. రైలు వలన ఈ ప్రాంతపు బొగ్గునకు, పత్తికి దారి దొరకినమాట నిజము. ఐతే కంపెనీకి ఆ ఇరువదేండ్లును పంట ఎండెడి భయమే లేదు.

కర్నూలు–కడప కాలువ చరిత్ర రైతులకు ఇంకను దగ్గరిది. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్టను 1852 నాటికి ప్రభుత్వమే తన సొమ్ముతో కట్టించెను. దాని లాభము కన్నులార చూచినవారు తుంగభద్రపై కూడ అట్లే జరుగునని తలచిరి. ఈసారి మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అను ప్రైవేటు సంస్థ ముందుకు వచ్చినది. 10 లక్షల పౌనుల పెట్టుబడికి నూటికి 5 వంతున ప్రభుత్వము హామీ యిచ్చెను. సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి కడప వైపు కాలువ త్రవ్విరి. ఖర్చు అంచనాను మించిపోయినది. నీరు వచ్చిన పిమ్మట రైతు దానిని కొనలేదు. అది నల్లరేగడి నేల. జొన్న, పత్తి వర్షాధారముగా పండుచుండగా డబ్బిచ్చి నీరు పెట్టవలసిన అవసరము అతనికి తోచలేదు. నేల స్వభావమును అడుగక లెక్కలు వేసినవారికి తుదకు నష్టమే మిగిలినది. 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనివేసినది. నేటికిని ఆ కాలువ క్రింద పంటలు పండుచున్నవి. కావున కాలువ చెడ్డది కాదు, ఒడంబడిక చెడ్డది. కంపెనీకి వడ్డీ ఎట్లును వచ్చునపుడు రైతును సంప్రదించవలసిన అక్కర దానికి ఏమున్నది?

మన ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోనే మూడవ మార్గమొకటి ఉన్నది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన తరువాత దేశములో ప్రయోగముగా పెట్టిన అయిదు విద్యుత్ సహకార సంఘములలో సిరిసిల్లది ఒకటి. 1970 నుండి ఆ సంఘము విద్యుత్తును టోకున కొని, తన తీగెలపై గ్రామములకు, మరమగ్గములకు, బావులకు పంచుచున్నది. వాడుకొనువారే సభ్యులు, పాలకవర్గమును ఎన్నుకొనువారును వారే. ఆ అయిదింటిలో మరొకటి మహారాష్ట్రలోని ములా–ప్రవర సంఘము. దాని కార్యస్థానము కూడ పేరుకు శ్రీరాంపూరే, నాటి అహమదునగరు జిల్లాలోనిది. ఆ సంఘము కొన్న కరెంటుకు కట్టవలసిన బాకీ కొండవలె పెరిగి, 2011లో లైసెన్సు ముగిసిన తరువాత పంపిణీ రాష్ట్ర విద్యుత్ సంస్థ చేతిలోనికి పోయినది. ఒకే విత్తనము, రెండు పొలములు. సంఘమని పేరు పెట్టినంత మాత్రమున లెక్కలు వాటంతట అవి సరిపడవు.

ఇక మన చెలక సంగతి. కేంద్ర ప్రభుత్వము 2019లో పి.యం. కుసుమ్ పథకమును ఆమోదించినది. అందులో ‘ఎ’ భాగము ప్రకారము రైతుగాని, రైతుల గుంపుగాని, సహకార సంఘము, పంచాయతీ, రైతు ఉత్పత్తిదారుల సంస్థగాని 500 కిలోవాట్ల నుండి 2 మెగావాట్ల వరకు సూర్యవిద్యుత్తు కేంద్రము పెట్టి, 25 ఏండ్లు డిస్కమ్‌కు అమ్మవచ్చును. మనకు డిస్కమ్ అనగా ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. స్థలము సబ్‌స్టేషనుకు 5 కిలోమీటర్ల లోపల ఉండుట మేలు; దూరము పెరిగినకొలది తీగె ఖర్చును, దారిలో నష్టమును పెరుగును. మెగావాటుకు ఇంచుమించు 5 ఎకరములు పట్టును. పెట్టుబడి లేని రైతు తన భూమిని ఒక కంపెనీకి కౌలునకిచ్చి, దానిచేతనే పెట్టించవచ్చును. (‘బి’ భాగము సోలారు పంపులకు, ‘సి’ భాగము వ్యవసాయ ఫీడర్లకు సంబంధించినవి, వాటి ముచ్చట మరొకప్పుడు.) పథకపు గడువును 2026 మార్చి వరకు పొడిగించియుండిరి. కావున దరఖాస్తు పెట్టదలచినవారు ఇప్పుడు అమలులో నున్న నియమములను ముందుగా విచారించుకొనవలెను.

స్వయముగా పెట్టుకొనువారి లెక్కను ఒకసారి వేసి చూతము. తెలంగాణ నియంత్రణ మండలి ఈ కేంద్రములకు నిర్ణయించిన ధర యూనిటుకు 3 రూపాయల 13 పైసలు. ఒక మెగావాటు కేంద్రము సాలుకు 15 లక్షల యూనిట్లు ఇచ్చుననుకొన్నచో రాబడి 46 లక్షల 95 వేలు. చూడ పెద్ద మొత్తమే. ఖర్చు వైపు చూడుడు. కేంద్రమునకు మూడున్నర కోట్లు పట్టెననియు, అందులో నూటికి 70 పాళ్లు, అనగా 2 కోట్ల 45 లక్షలు, నూటికి 10 వడ్డీకి 15 ఏండ్ల గడువుతో అప్పు తెచ్చితిమనియు అనుకొందము. మొదటి యేడు వడ్డీ 24 లక్షల 50 వేలు, అసలు వాయిదా 16 లక్షల 33 వేలు, కాపలా, బీమా, మరమ్మతులకు 6 లక్షలు. అన్నియు పోగా చేతిలో మిగులునది పండ్రెండు వేల లోపు. సొంతముగా పెట్టిన కోటి అయిదు లక్షలకు ఆ యేడు దక్కిన ఫలమంతే.

దీనితో నిరాశపడనక్కరలేదు. అసలు తీరినకొలది వడ్డీ తగ్గును; పదవ యేట అది 9 లక్షల 80 వేలకు దిగును. అప్పటికి పలకల శక్తి కొంత క్షీణించినను, ఇతర ఖర్చు అంతే యున్నచో, 12, 13 లక్షలు మిగులవచ్చును. అప్పు తీరిన తరువాతి పదేండ్లే అసలైన పంట. వ్యవసాయ మౌలిక వసతుల నిధి క్రింద 2 కోట్ల వరకు అప్పుపై నూటికి 3 వంతున వడ్డీ రాయితీని ఈ ‘ఎ’ భాగమునకు కూడ వర్తింపజేయుటకు 2024 ఆగష్టులో కేంద్రము అంగీకరించినది. అది దొరికినచో మొదటి యేట 6 లక్షల భారము తప్పును. కాని ధర 25 ఏండ్లును ఒక్కటే. కూలి, సామాను ధరలు అట్లు నిలిచియుండవు.

ఇందులో పెద్ద చిక్కు వానది కాదు, ఎండది కాదు, బిల్లుది. నెలకు సుమారు 4 లక్షల బిల్లు. నాలుగు నెలలు ఆగినచో 16 లక్షల సొమ్ము నిలిచిపోవును, బ్యాంకు వాయిదా మాత్రము ఆగదు. మన కరెంటును కొనునది ఏ డిస్కమో, 2018 జనవరి 1 నుండి మన బావులకు రేయింబవళ్లు ఉచితముగా కరెంటు ఇచ్చుచున్నదియు ఆ డిస్కమే. ఆ ఉచితపు సొమ్మును ప్రభుత్వము దానికి వేళకు చెల్లించినచో మన బిల్లును వేళకు వచ్చును. కావున రైతు ఒక్కడే అప్పు తలకెత్తుకొనుటకంటె పదిమంది కలిసి సంఘముగా పెట్టుట మేలు. ఆరు నెలల వాయిదాలకు సరిపడు సొమ్ము చేతిలో లేనిదే దిగవలదని నా సలహా.

కౌలునకిచ్చువారికి అప్పు బాధ లేదుగాని కాగితపు బాధ ఉన్నది. కౌలు సొమ్మును కంపెనీకి చెల్లింపవలసిన బిల్లులోనుండి మినహాయించి, డిస్కమే నెలనెల నేరుగా రైతు బ్యాంకు ఖాతాలో జమచేయుటకు పథకపు నియమములు వీలు కల్పించినవి. ఈ షరతును వ్రాయించుకొనకుండ వ్రాలు చేయరాదు. కౌలు ఏటేట ఎంత పెరుగునో అంకెలతో ఉండవలెను. కంపెనీ తన హక్కును మరొకరికి అమ్మినచో వారును అవే షరతులకు లోబడవలెను. మన భూమి పట్టాను వారి అప్పునకు కుదువ పెట్టుటకు ఒప్పుకొనరాదు. గడువు తీరిన పిమ్మట పలకలు, ఇనుప కాళ్లు, కాంక్రీటు దిమ్మెలు పెరికి నేలను నాగలికి యోగ్యముగా అప్పగించు ఖర్చు ఎవరిది? మంచిర్యాల ప్రాంతపు ఒక రైతు తెచ్చి చూపిన ముసాయిదాలో ఆ మాటయే లేదు. ‘పరస్పర అంగీకారముతో’ అని మాత్రమే ఉన్నది. అంగీకారము కుదరనిచో దిమ్మెలు రైతువే! భూమి వ్యవసాయేతరముగా మారినచో రైతునకు వచ్చుచున్న సాయములు నిలుచునా అనునది కూడ తహసీలు కార్యాలయములో ముందే అడుగవలెను.

ఏ నేల నీయవలెనన్నచో, రాతి పరుపుతో పంట రాని చెలకను, బీడును ఇయ్యవచ్చును. బావి క్రింది భూమిని, పత్తి చక్కగా పండు నల్లరేగడిని ఇచ్చుట నాకు సమ్మతము కాదు. పలకలను ఎత్తైన స్తంభములపై నిలిపి క్రింద సాగు చేయుటకు కూడ పథకములో వీలున్నది. పసుపు, అల్లము కొంత నీడను ఓర్చుకొనును. పత్తి, మొక్కజొన్న ఓర్చుకొనవు. స్తంభముల ఎత్తు పెరిగిన ఖర్చును పెరుగును కనుక ఆ భారము ఎవరిదో తేల్చుకొనవలెను.

మన ప్రాంతమునకే ప్రత్యేకమైన సంగతులు రెండున్నవి. ఉపరితల గనుల దగ్గర బొగ్గు దుమ్ము పలకలపై పేరుకొని ఉత్పత్తిని తగ్గించును. తరచుగా కడుగవలెను, దానికి నీరు కావలెను. వేసవిలో ఆ నీరు ఎవరి బోరునుండి వచ్చునో ముందే వ్రాసికొనుడు. రెండవది నేల క్రిందిది. భూగర్భ గనులు త్రవ్విన చోట పైనేల క్రుంగుట గ్రామస్థులకు తెలియనిది కాదు. అట్టి నేలపై వరుసలు వంగిపోవును, బ్యాంకు అప్పు ఈయదు. గని విస్తరణకు రేపు భూమిని తీసికొన్నచో పరిహారములో కంపెనీ పాలెంత, రైతు పాలెంత అను తగవు కూడ వచ్చును. కావున వ్రాలు చేయుటకు ముందు సర్వే నంబరు వ్రాసిన దరఖాస్తుతో సింగరేణి శ్రీరాంపూర్ ఏరియా ఎస్టేట్ విభాగమునకు పోయి, ఆ నేల క్రింద పనులు జరిగినవా, జరుగనున్నవా అని విచారించి, జవాబును వ్రాతమూలముగా తెచ్చుకొనవలెను.