దీపం కింద నీళ్లు

1992 చివర్లో మద్రాసులో కలరా కొత్త రూపంలో బయటపడింది. అంతవరకూ మనవాళ్లను పీడించినది ఓ1 రకం. ఇది ఓ139. పాత కలరా నుంచి కోలుకున్నవాళ్లకు ఒంట్లో ఏర్పడ్డ రక్షణ దీని ముందు పనిచెయ్యలేదు. 1993కల్లా బెంగాల్‌నీ బంగ్లాదేశ్‌నీ చుట్టేసింది. దాన్ని మరింత ప్రమాదకరం చేసింది అందులోని జన్యువుల మూట. స్ట్రెప్టోమైసిన్, సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్ మందుల్ని తట్టుకునే శక్తి ఆ మూటలో ఉంది. పైగా అది ఒక బ్యాక్టీరియా నుంచి మరో బ్యాక్టీరియాకి చేరగలదు. శాస్త్రవేత్తలు దానికి ఎస్‌ఎక్స్‌టీ అని పేరు పెట్టారు.

తాగునీటిని చవగ్గా శుద్ధి చేసే పనికి అశోక్ గాడ్గిల్‌ను పురికొల్పింది ఆ కలరా వార్తలే. ఆయన ముంబైలో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త, అప్పట్లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పనిచేసేవారు. నీళ్లు కాచుకు తాగమని సలహా ఇవ్వడం తేలికే. రోజూ అన్ని కట్టెలు పేద ఇంటికి ఎక్కణ్ణుంచి వస్తాయి? క్లోరిన్‌కైతే మోతాదు తెలిసిన మనిషి ఉండాలి, సరుకు తెగకుండా అందాలి. అందుకే ఆయన అతినీలలోహిత కాంతి వైపు చూశారు.

ఆ కాంతి సంగతి పాతదే. ఎండ బ్యాక్టీరియాని చంపుతుందని 1877లోనే ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ చూపించారు. 1910లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో పాదరస దీపాలతో తాగునీటిని శుద్ధి చేశారు కూడా. కానీ చవగ్గా దొరికే క్లోరిన్ ముందుకెళ్లిపోయింది.

మామూలు యంత్రాల్లో దీపాన్ని క్వార్ట్జ్ గొట్టంలో పెట్టి నీళ్లలో ముంచుతారు. కొన్నాళ్లకు ఆ గొట్టానికి ఉప్పు, పాచి పట్టి వెలుతురు తగ్గుతుంది. పైకి దీపం వెలుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం శుద్ధి కావు. గాడ్గిల్ దీపాన్ని నీటికి పైన, గాలిలో వేలాడదీశారు. దాని వెనక వంపు తిరిగిన అద్దంలాంటి అల్యూమినియం రేకు, కింద లోతు తక్కువ తొట్టి. నీళ్లు చిల్లుల పలక గుండా నెమ్మదించి, దీపం కింద పలచగా పారి అవతలికి జారతాయి. పంపు అక్కర్లేదు, పల్లం చాలు. నిమిషానికి 15 లీటర్లు, విద్యుత్తు 60 వాట్లు. కారు బ్యాటరీతోనో సౌరఫలకంతోనో నడుస్తుంది. దీనికి యూవీ వాటర్‌వర్క్స్ అని పేరు.

254 నానోమీటర్ల ఆ కాంతి బ్యాక్టీరియా డీఎన్‌ఏలో పక్కపక్కనున్న థైమిన్‌లను ఒకదానికొకటి అతికిస్తుంది. ఇక ఆ డీఎన్‌ఏకి నకలు తయారుకాదు, బ్యాక్టీరియా పెరగలేదు. బ్యాక్టీరియాలో మందుని విరగ్గొట్టే ఎంజైములూ, బయటికి తోసేసే పంపులూ కాంతిని ఆపలేవు. యాంటీబయాటిక్‌కి లొంగని క్రిమి కూడా దాదాపు మామూలు క్రిమిలాగే ఇక్కడ లొంగిపోతుంది. ఈ యంత్రంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించే గుణం ఇదే: మందు వాడాల్సిన అవసరం రాకముందే జబ్బుని ఆపుతుంది.

తర్వాత ఈ యంత్రం హక్కులు వాటర్‌హెల్త్ ఇంటర్నేషనల్ అనే సంస్థకు వెళ్లాయి. ఆంధ్రలో దాని తొలి కేంద్రాల్లో ఒకటి అప్పటి కృష్ణా జిల్లా బొమ్మినంపాడులో వెలిసింది. బురద నీటిలోకి ఈ కాంతి చొరబడదు కాబట్టి ముందు వడపోత తప్పనిసరి. క్లోరిన్‌లాగా ఇది నీటిలో నిలిచి ఉండదు కూడా. కేంద్రం నుంచి తెచ్చిన నీటిలో చెయ్యి ముంచితే మళ్లీ మొదటికొచ్చినట్టే. మూత, కుళాయి ఉన్న డబ్బా కావాలి.

జన్యువుల చిక్కు ఇంకా మిగిలే ఉంది. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో ఢిల్లీ కుళాయి నీటి నమూనాలు 50 పరీక్షిస్తే రెండింటిలో, యాంటీబయాటిక్‌లను తట్టుకునే శక్తినిచ్చే ఎన్‌డీఎం-1 జన్యువు దొరికింది. బ్యాక్టీరియా చచ్చినా డీఎన్‌ఏ ముక్క నీటిలో ఉండిపోవచ్చు, బతికున్న మరో బ్యాక్టీరియా దాన్ని తీసుకోవచ్చు. ఆ ముక్కని పనికిరాకుండా చెయ్యాలంటే బ్యాక్టీరియాని చంపే మోతాదుకి పది రెట్లు, ఒక్కోసారి అంతకుమించి కాంతి కావాలని ప్రయోగాలు చెబుతున్నాయి. ఊరి నీటి కేంద్రానికి అది మోయలేని భారం. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసి వదిలిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకూ సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో తేలింది. అలాంటి నీళ్లలోనే ఈ జన్యువులు బలపడతాయి. వాటిని ఆపాల్సింది ఊరి కుళాయి దగ్గర కాదు, ఆ ఫ్యాక్టరీల గొట్టం దగ్గర.