స్మెథిక్ వీథిలోని భోజనశాలలు

ఇంగ్లండుదేశమున ప్రతి పట్టణమునకును ఒక పెద్దబజారు గలదు. దానిని వారు హైస్ట్రీటందురు. ఆ వీథిలో అంగళ్లనడుమ పబ్బు అను శాల యొకటియైన నుండక తప్పదు. పబ్బనగా మన కల్లుదుకాణము వంటిదని మనలో ననేకులు తలంతురు. అది సగము మాత్రమే నిజము. ఊరివారు కూడి మాటలాడుకొను చావడియు నదియే. అన్నము తిను శాలయు ననేకచోట్ల నదియే. అట్టివి 2000వ సంవత్సరమున బ్రిటనునందు సుమారు 60 వేలుండగా 2023 నాటికి 45 వేలకు దిగినవి. కర్మాగారములు మూతపడినవి, పెద్దయంగళ్లలో మద్యము చౌకయైనది, అద్దెలును పన్నులును పెరిగినవి, 2020లో మహమ్మారి వచ్చినది.

1992లో నెల్లూరు మండలమందలి దూబగుంట స్త్రీలు సారాయంగడిని మూయించినపుడు సంతసించిన మనము, పరదేశపు పానశాల మూతపడినచో ఏల విచారింపవలెనని సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమే. మద్యము మాకును సమ్మతము గాదు. మేము చెప్పబూనినది ఆ శాలలోని పొయ్యిని గూర్చి.

బర్మింగుహామునకు చేరువనున్న స్మెథిక్ అను పట్టణమున లోహమును కరగించి పోతపోయు కర్మాగారము లుండెడివి. 1950వ సంవత్సరమునకు తరువాత పంజాబునుండి వేలకొలది పురుషులు వచ్చి వానిలో పనికి కుదిరిరి. పగలెల్ల కొలిమివేడికి మాడి, సాయంకాలము పబ్బునకు పోయినచో, మంచిగదిలోనికి రావలదనువారు కొందఱు. అసలు గడపయే త్రొక్కవలదనువారు మఱికొందఱు. 1965 ఫిబ్రవరిలో అమెరికానుండి మాల్కమ్ ఎక్స్ ఆ యూరికి వచ్చెను. హైస్ట్రీటులోని బ్లూగేట్సు అను శాలయందు తెల్లవారి గదిలో ఆయనకు పానీయ మీయరైరి. ఆయన వెంట నుండిన అవతార్ సింగ్ జోహల్ పోతపనివాడు, భారతీయ కార్మికసంఘమువాడు. ఆ సంఘమువారు ఇట్టి శాలల యనుమతిపత్రములను మరల నీయరాదని న్యాయాధికారులయెదుట ఆక్షేపించుచు వచ్చిరి. ఆ సంవత్సరమే వర్ణభేదమును నిషేధించు చట్టము పుట్టినది.

ఆ గడప స్త్రీలకును సులభము గాదు. లండనులో ఎల్ వీనో అను శాలవారు పురుషులతో సమముగా నిలువబడి పానీయము కొను హక్కును స్త్రీల కీయకుండగా, 1982లో న్యాయస్థానము తప్పని తీర్పు చెప్పవలసివచ్చెను. ఎంతటి యాలస్యము!

తరువాత పోతశాలలు ఒకటొకటిగా మూతపడినవి. బజారు చిన్నబోయినది. త్రాగువారు తగ్గగా పాత యజమానులు పబ్బులను విడిచిపోవుచుండిరి. అప్పుడు వానిని చేపట్టినవా రెవరు? నాడు గడపవద్ద నాపబడిన వారి కుటుంబములే. స్మెథిక్ హైస్ట్రీటులో రెడ్ కౌ, వెస్ట్ బ్రామిచ్‌లో రెడ్ లయన్, వైన్ అనునవి ఇట్లు నిలిచినవి. పాతపేళ్లను తీసివేయలేదు. ఎఱ్ఱయావు బొమ్మక్రింద సర్దారుగారు తందూరు రగిలించుట మాకు ముచ్చటగా నున్నది. మాడిన ఉల్లిపాయలమీద చిటచిటలాడుచు వచ్చు మాంసపు తునుకలు, చేపపకోడీలు — వానికొఱకు తెల్లవారును, నల్లవారును, పిల్లలతో తల్లులును వచ్చిరి. పూర్వము పురుషులే నిండియుండిన గదిలోనికి ఆడువారిని పొయ్యి తీసికొనివచ్చినది. వీనికి దేశీపబ్బులని పేరు. 2023లో వీనిని గూర్చి డేవిడ్ జేసుదాసన్ గ్రంథమే వ్రాసెను.

అయినను వీనికి గండము గడవలేదు. నెలకొకమాఱు వచ్చు బడిపంతులుజీతముతో ఇల్లు నడపు మాకు, దినదినపు రాబడిమీద నిలుచు పొయ్యి యెంత చపలమైనదో తలచిన భయము కలుగును. అతిథి వచ్చినను రాకున్నను అద్దె యాగదు, పొయ్యి యారదు, పనివారి కూలి తప్పదు. శనివారము క్రిక్కిఱిసిన గది సోమవారము బోసిపోవును. ఈ మర్మమెఱిగియే 2020 ఆగష్టులో అచ్చటి ప్రభుత్వము సోమ మంగళ బుధవారములందు భోజనపువెలలో సగము, మనిషికి 10 పౌండ్లకు మించకుండ, తానిచ్చెను. మద్యమునకు మాత్రము ఈయలేదు. ఆ నెల శాలలు నిండినవి. కాని నెల ముగియగానే ఆ సాయమును ముగిసినది.

మన యాడపడుచులు, కోడండ్రు బర్మింగుహాము ప్రాంతమున నున్నచో వారికి మేము వ్రాయునది యిది. పండుగనాటి గుంపులో పోవుటకంటె మంగళవారము సాయంకాలము పొండు. ఇంటికి తెప్పించుకొనునపుడు నడుమ సంస్థలద్వారా గాక శాలకే టెలిఫోను చేయుడు. ఆ సంస్థలు ప్రతి విస్తరిలోను భాగము తీసికొనును. బిడ్డ పుట్టినరోజును పెద్దహోటలులో గాక అచ్చటనే జరుపరాదా? త్రాగనివారు నిమ్మరసము తెప్పించుకొనవచ్చును, ఎవరును వింతగా చూడరు. మాంసము తిననివారికి పనీరు దొరకును. కారము మాత్రము గుంటూరువారికి చాలకపోవచ్చును.