మస్టాంగ్‌కి కొత్త ఇంటేక్: సౌండ్ పెరుగుతుంది సరే.. పవర్ నిజంగా పెరుగుతుందా? డబ్బు పెట్టేముందు ఇవి తెలుసుకోండి

బానెట్ ఎత్తగానే మెరిసే కార్బన్ ఫైబర్ గొట్టం.. దాని చివర ఎర్రటి కోన్ ఫిల్టర్.. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజిన్ నుంచి ఒక్కసారిగా గర్జన! ఇలాంటి రీల్స్, షార్ట్స్ మీ ఫోన్‌లో కూడా చూసే ఉంటారు. అరగంటలో బిగించేయొచ్చు, హార్స్‌పవర్ అమాంతం పెరిగిపోతుంది అని వాటిలో చెబుతుంటారు. మరి ఇందులో నిజమెంత?

ఈ ప్రశ్నకి సమాధానం కోసం ఒక కారుని తీసుకుందాం. అదే ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లలో చాలామందికి ఇది డ్రీమ్ కారు. 2016లో ఇండియాలోనూ లాంచ్ అయింది. పైగా ఈ కారుకి దొరికినన్ని ఆఫ్టర్‌మార్కెట్ ఇంటేక్ కిట్లు చాలా తక్కువ కార్లకి దొరుకుతాయి. అమెరికాలో ఒక్కో కిట్ సుమారు 300 నుంచి 500 డాలర్లు ఉంటుంది. అదే కిట్ ఇండియాకి తెప్పించుకుంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి తడిసి మోపెడవుతుంది. అంత డబ్బు పెట్టి తెచ్చాక చివరికి సౌండ్ ఒక్కటే మిగిలితే? లేదా ఇంజిన్‌కే ఎసరొస్తే? అందుకే ముందు అసలు విషయం అర్థం చేసుకుందాం.

ఇంటేక్ అంటే ఏంటి?

సింపుల్‌గా చెప్పాలంటే ఇంజిన్ ముక్కు. బయటి గాలి లోపలికి వచ్చే దారి. గాలి ముందు ఒక ప్లాస్టిక్ బాక్సులోకి వస్తుంది. అందులో ఫిల్టర్ దుమ్ముని ఆపుతుంది. అక్కడి నుంచి గొట్టం గుండా సెన్సార్‌ని దాటి, థ్రాటిల్ బాడీ మీదుగా ఇంజిన్‌లోకి వెళ్తుంది.

ఎంత గాలి వెళ్తుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. 2018 అమెరికా మోడల్ మస్టాంగ్ జీటీలో ఉన్నది 5 లీటర్ల వీ8 ఇంజిన్. 7,000 ఆర్‌పీఎం దగ్గర 460 హార్స్‌పవర్ ఇస్తుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ కాబట్టి ప్రతి రెండు రౌండ్లకి ఒకసారి మొత్తం 5 లీటర్ల గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి 17,500 లీటర్లు. సెకనుకి దాదాపు 290 లీటర్లు. మన ఇంట్లో వేయించుకునే 20 లీటర్ల వాటర్ క్యాన్లు ఉంటాయి కదా.. కళ్లు మూసి తెరిచేలోగా అలాంటివి పద్నాలుగు క్యాన్లు ఖాళీ చేసినట్టన్నమాట!

ఈ దారిలో ఎక్కడ ఇరుకు ఉన్నా, మలుపు ఉన్నా ఇంజిన్ గాలి లాక్కోవడానికి కాస్త కష్టపడాలి. ఆ ఇరుకుని తగ్గిస్తామన్నదే ఆఫ్టర్‌మార్కెట్ కిట్లు ఇచ్చే మొదటి హామీ. రెండో హామీ చల్లగాలి.

చల్లగాలికి ఎందుకంత డిమాండ్?

గాలి వేడెక్కితే పలచబడుతుంది. అంతే చోటులో ఆక్సిజన్ తగ్గుతుంది. ఆక్సిజన్ తగ్గితే కాల్చగలిగే పెట్రోల్ కూడా తగ్గుతుంది. పెట్రోల్ తగ్గితే పవర్ తగ్గుతుంది. ఇంతే లెక్క.

ఒక ఉదాహరణ చూడండి. 35 డిగ్రీల గాలికి బదులు బానెట్ కింద వేడెక్కిన 65 డిగ్రీల గాలి ఇంజిన్‌లోకి వెళ్లిందనుకోండి. గాలి సాంద్రత సుమారు 9 శాతం పడిపోతుంది. మామూలు ఉష్ణోగ్రతల్లో ప్రతి 10 డిగ్రీలకి దాదాపు 3 శాతం పోయినట్టే.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. తక్కువ ధరకి దొరికే చాలా కిట్లలో ఫిల్టర్ ఓపెన్‌గా ఉంటుంది. చుట్టూ బాక్స్ ఉండదు. అది ఇంజిన్ పక్కనే, రేడియేటర్ వెనకాలే కూర్చుని ఆ వేడిగాలినే పీలుస్తుంది. పేరు కోల్డ్ ఎయిర్ ఇంటేక్.. పీల్చేది మాత్రం సెగ! మే నెల ఎండలో, హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఇలాంటి కిట్ వేసుకుంటే కంపెనీ ఇచ్చినదానికన్నా వెనకబడే ఛాన్స్ కూడా ఉంది.

మరి కంపెనీ బాక్స్ పనికిరానిదా?

కానే కాదు. నిజానికి మస్టాంగ్ జీటీకి కంపెనీ ఇచ్చిన బాక్సే ఒక కోల్డ్ ఎయిర్ ఇంటేక్. మూసి ఉన్న బాక్స్.. కారు ముందు భాగం నుంచి బయటి గాలిని తీసుకుంటుంది. కంపెనీ ఇంజినీర్లు పవర్‌తో పాటు సౌండ్, దుమ్ము, వాన నీళ్లు, ఖర్చు.. అన్నీ బేరీజు వేసి డిజైన్ చేస్తారు. గొట్టం పక్కన ఎందుకున్నాయో తెలియని ఖాళీ డబ్బాల్లాంటివి కొన్ని కార్లలో కనిపిస్తాయి కదా, వాటిని రెజొనేటర్లు అంటారు. అవి మోతని మింగేస్తాయి. కొత్త కిట్ వేయగానే కారు గర్జించడానికి ముఖ్య కారణం ఆ మోతని మింగేవి లేకపోవడమే.

సౌండ్ పెరిగితే కారు స్పీడ్ కూడా పెరిగినట్టు మనసుకి అనిపిస్తుంది. ఈ సంగతి కంపెనీలకీ తెలుసు. 2015 మస్టాంగ్ జీటీలో ఇంటేక్ సౌండ్‌ని క్యాబిన్‌లోకి తీసుకురావడానికి ఫోర్డే ప్రత్యేకంగా ఒక ట్యూబ్ పెట్టింది! కాబట్టి చెవుల్ని నమ్మి పవర్‌ని అంచనా వేయొద్దు.

అసలు ప్రమాదం ఇక్కడే.. సెన్సార్ లెక్క తప్పితే

ఇంటేక్ గొట్టంలో ఒక చిన్న సెన్సార్ ఉంటుంది. పేరు మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్, షార్ట్‌గా మాఫ్. అందులో సన్నని తీగలాంటి భాగం వేడిగా ఉంటుంది. గాలి తగిలితే అది చల్లబడుతుంది. మళ్లీ వేడి నిలబెట్టడానికి ఎంత కరెంట్ కావాలో చూసి, ఎంత గాలి వెళ్తోందో కారు కంప్యూటర్ లెక్కేస్తుంది. ఆ లెక్క ప్రకారమే పెట్రోల్ చల్లుతుంది. ఒక పాలు పెట్రోల్‌కి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి.. ఇదీ మామూలు లెక్క. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రం ఇంజిన్ సేఫ్టీ కోసం పెట్రోల్ ఇంకాస్త ఎక్కువ ఇస్తుంది.

గమనించాల్సిన పాయింట్ ఏంటంటే, ఈ సెన్సార్ మొత్తం గాలిని కొలవదు. తనకి తగిలిన కాస్త గాలిని కొలిచి, గొట్టం సైజు తెలుసు కాబట్టి మిగతాది లెక్కగడుతుంది. ఇప్పుడు మీరు 10 శాతం ఎక్కువ వ్యాసం ఉన్న గొట్టం వేశారనుకోండి. దాని వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. అంతే గాలి వెళ్తున్నా, వేగం దాదాపు 17 శాతం తగ్గుతుంది. సెన్సార్‌కి గాలి తక్కువగా తగులుతుంది. కంప్యూటరేమో గాలి తగ్గిందనుకుని పెట్రోల్ తగ్గిస్తుంది. నిజానికి గాలి తగ్గలేదు!

దీన్నే లీన్ మిక్చర్ అంటారు. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు సైలెన్సర్ వైపు ఉండే ఆక్సిజన్ సెన్సార్లు ఈ తప్పుని పసిగట్టి సరిదిద్దుతాయి. దిద్దగలిగే హద్దు దాటితే చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది. స్కానర్ పెడితే పీ0171, పీ0174 కోడ్లు కనిపిస్తాయి. వీ8 ఇంజిన్‌లో రెండు వరసలూ లీన్‌గా నడుస్తున్నాయని వాటి అర్థం. లైట్ వెలిగితే ఒకరకంగా అదృష్టమే. ఫుల్ యాక్సిలరేటర్‌లో లీన్‌గా నడిస్తే ఇంజిన్‌లో వేడి పెరుగుతుంది, నాకింగ్ మొదలవుతుంది, చివరికి పిస్టన్లే దెబ్బతినొచ్చు.

అందుకే కొన్ని కిట్ల మీద ట్యూన్ తప్పనిసరి అని రాసి ఉంటుంది. అంటే కంప్యూటర్‌లో లెక్కల్ని కొత్త గొట్టానికి తగ్గట్టు మార్చాలి. ట్యూన్ అక్కర్లేదు అని ఉన్న కిట్లలో సెన్సార్ దగ్గర గొట్టం సైజు కంపెనీదానికి దగ్గరగానే ఉంచుతారు. ఇవి సేఫ్.. కానీ పవర్ లాభం కూడా చిన్నదే. టర్బో లేని ఇంజిన్ కాబట్టి ఒక్క ఇంటేక్‌తో అద్భుతాలు జరగవు. పెద్దగా పెరిగిందని చూపించే నంబర్లలో ఎక్కువ భాగం సాధారణంగా ట్యూన్‌దే.

డైనో నంబర్‌ని ఎలా చదవాలి?

పవర్ కొలిచే మెషీన్‌ని డైనో అంటారు. వీడియోల్లో గ్రాఫ్ చూపించి ఇంత పెరిగింది అంటారు. అప్పుడు మీరు చూడాల్సింది బానెట్. అది తెరిచి ఉందా, మూసి ఉందా? తెరిచి, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి టెస్ట్ చేస్తే ఓపెన్ ఫిల్టర్‌కి కూడా చల్లగాలే అందుతుంది. రోడ్డు మీద బానెట్ తెరుచుకుని ఎవరూ వెళ్లరు కదా! అదే డైనో మీద, అదే రోజు, బానెట్ మూసి.. పాత బాక్స్‌తో కొన్నిసార్లు, కొత్తదానితో కొన్నిసార్లు టెస్ట్ చేస్తేనే పోలికకి విలువ.

కిట్ కొనకముందే మీరే చేసుకోగలిగే చిన్న టెస్ట్ ఒకటుంది. ఓబీడీ పోర్టుకి పెట్టే బ్లూటూత్ స్కానర్ తీసుకోండి. ఫోన్ యాప్‌లో ఇంటేక్ ఎయిర్ టెంపరేచర్ కనిపిస్తుంది. కారు నడుపుతుంటే పక్కవాళ్లని చూడమనండి. హైవే మీద ఆ నంబర్ బయటి ఉష్ణోగ్రతకి దగ్గరగానే ఉంటే, మీ కారు ఇప్పటికే చల్లగాలి పీలుస్తున్నట్టు. ఆ పేరుతో కొత్తగా కొనాల్సిందేమీ లేదు.

దుమ్ము, వాన.. ఈ రెండూ మర్చిపోవద్దు

గాలి ఎంత ఫ్రీగా వెళ్తే దుమ్ము కూడా అంత ఈజీగా వెళ్లే అవకాశం ఉంది. సన్నని ఇసుక రేణువులు సిలిండర్ గోడల్ని అరగదీస్తాయి. ఫిల్టర్ కొనేటప్పుడు ఐఎస్ఓ 5011 ప్రకారం టెస్ట్ చేశారా, దుమ్ముని ఎంత శాతం ఆపుతోంది అని చూడండి. నూనె పూసే కాటన్ ఫిల్టర్ అయితే కడిగాక నూనె ఎక్కువ పట్టించొద్దు. అది వెళ్లి మాఫ్ సెన్సార్ మీద పేరుకుంటే లెక్క మళ్లీ తప్పుతుంది.

ఇక వాన. కొన్ని కిట్లలో ఫిల్టర్‌ని కిందకి, బంపర్ వెనకాల పెడతారు. అక్కడ గాలి చల్లగా ఉంటుంది నిజమే. కానీ 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ ఎలా మునిగాయో మనం చూశాం. ఫిల్టర్ నీళ్లలో మునిగితే ఇంజిన్ గాలికి బదులు నీళ్లు లాగుతుంది. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. ఫలితం.. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. ఇలాంటి నష్టానికి ఇన్సూరెన్స్‌లో చాలావరకు ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉండాలి. పైగా మార్పు చేసిన సంగతి కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర గొడవే.

చట్టం ఏం చెబుతోంది?

ఇండియాలో మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి, ఆర్సీలోని వివరాలకి తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయం స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన ఓనర్‌కి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఫిల్టర్ మార్చుకోవడం వేరు, మొత్తం ఇంటేక్, ట్యూన్ మార్చడం వేరు. కాబట్టి ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మంచిది.

అమెరికాలో ఉన్నవాళ్లకి వేరే రూల్స్. కాలిఫోర్నియాలో అయితే కిట్‌కి కార్బ్ సంస్థ ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబర్ ఉండాలి. అది లేకపోతే స్మాగ్ చెక్‌లో ఫెయిల్ అవుతారు. వారంటీ విషయంలో మాత్రం 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం అండగా ఉంటుంది. బయటి పార్ట్ వేశారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం ఎత్తేయకూడదు. ఆ పార్ట్ వల్లే డ్యామేజ్ జరిగిందని తేలితే మాత్రం ఆ రిపేర్ ఖర్చు మీదే.

బిగించేటప్పుడు ఈ జాగ్రత్తలు తప్పనిసరి

- ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టండి. బ్యాటరీ నెగెటివ్ వైర్ తీసేయండి.
- మాఫ్ సెన్సార్‌ని తీసేటప్పుడు లోపలి భాగాన్ని వేలితో ముట్టుకోవద్దు. గాలి వెళ్లే దిశ చూసి, అదే దిశలో బిగించండి.
- ఇంజిన్ నుంచి ఇంటేక్ గొట్టానికి వచ్చే చిన్న పైపుని మళ్లీ సరిగ్గా పెట్టండి. సెన్సార్ తర్వాత ఎక్కడ సందు ఉన్నా, లెక్కలోకి రాని గాలి లోపలికి వెళ్తుంది.
- క్లిప్పులన్నీ బిగించండి. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చెక్ చేయండి.
- పాత బాక్స్‌ని పారేయొద్దు. ఫోర్డ్ 2021లోనే ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి, ఇక్కడి ఓనర్లు దాన్ని మరీ జాగ్రత్తగా దాచుకోవాలి. అమ్మేటప్పుడూ పనికొస్తుంది.

సో.. కొనాలా, వద్దా?

సౌండ్ కోసమే అయితే, ట్యూన్ అక్కర్లేని, మూసిన బాక్స్ ఉన్న కిట్ ఎంచుకోండి. పవర్ పెద్దగా పెరగదని తెలిసే కొనండి. పవర్ కోసమైతే ఇంటేక్, ట్యూన్ రెండూ కలిపే బడ్జెట్ వేసుకోండి. ఫోర్డ్ సొంత పెర్ఫార్మెన్స్ విభాగం కూడా మస్టాంగ్‌కి ఇంటేక్ పార్టులతో పాటు కంప్యూటర్ ట్యూన్‌ని కలిపే పవర్ ప్యాక్‌లు అమ్మింది. కంపెనీ వాళ్లే ఆ రెండింటినీ విడదీయలేదంటే కారణం ఉంటుంది కదా!

అంతకన్నా ముందు, మీ కారులో ఉన్న పాత పేపర్ ఫిల్టర్‌ని ఒకసారి బయటికి తీసి చూడండి. నల్లగా, దుమ్ము పట్టి ఉంటే మొదట దాన్ని మార్చండి. అన్నిటికన్నా తక్కువ ఖర్చయ్యే అప్‌గ్రేడ్ అదే.