చదివి నేర్చుకొనే కంప్యూటరు

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టామ్ మిచెల్ బృందం 2010 జనవరిలో ‘నెల్’ అనే వ్యవస్థను ప్రారంభించింది. ఒక్కొక్క వర్గానికి 10 నుండి 15 ఉదాహరణలు మాత్రమే ఇచ్చి, కోట్లాది వెబ్ పుటలను దానిచేత చదివించారు. తెలుగులో చెప్పాలంటే, ‘వరి, జొన్న వంటి పంటలు’ అనే వాక్య సరళిని గుర్తించి, అదే సరళిలో కనిపించిన కొత్త పేర్లను పంటలుగా చేర్చుకొనడం దీని పద్ధతి.

అయితే ఇంటర్నెట్ ‘కుకీ’లను ఇది బేకరీ తినుబండారాలుగా పొరబడింది. కుకీల వలె ఫైళ్లను కూడా తొలగిస్తారు కాబట్టి, వాటినీ అదే వర్గంలో చేర్చింది. ఒక తప్పు మరొక తప్పుకు ఆధారమైంది. ఇటువంటి తప్పులను మనుషులు అప్పుడప్పుడు సరిదిద్దవలసి వచ్చింది.

పురుగుమందు మోతాదు విషయంలో ఇట్టి పొరపాటు జరిగితే నష్టపోయేది రైతే. కావున యంత్రం సేకరించిన సమాచారాన్ని విశ్వవిద్యాలయ సిఫారసులతో సరిచూసిన పిమ్మటనే విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు అందించాలి.