మాల తీశాక మళ్లీ మందేనా?.. కరీంనగర్, ఆదిలాబాద్‌లో తాగుడు మానేవాళ్లకు తోడు దొరికేదెలా?

హనుమాన్ దీక్ష తీసుకుంటే 41 రోజులు చుక్క ముట్టరు. కొండగట్టుకు వెళ్లి మాల తీసిన సాయంత్రమే కొందరు మళ్లీ బెల్టు షాపు దారి పడతారు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్లలో ఇది అందరికీ తెలిసిన ముచ్చటే. 41 రోజులు ఆగిన మనిషి 42వ రోజు ఎందుకు ఆగలేకపోతున్నాడు?

మనసు గట్టిది కాదని తిట్టేస్తాం. కానీ దీక్షలో ఉన్నన్నాళ్లూ తోటి స్వాములు పక్కనే ఉంటారు. కలిసి వండుకుంటారు, కలిసి భజన చేస్తారు. స్వామి చేతికి ఎవరూ గ్లాసు ఇవ్వరు. మాల తీయగానే ఆ తోడు పోతుంది. మిగిలేది పాత దోస్తులు, పాత అడ్డా, వచ్చే ఆదివారం దావత్. మాల లేకపోయినా ఆ తోడును నిలబెట్టేదే సపోర్ట్ గ్రూప్.

వీటిలో అందరికీ తెలిసింది ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’.. అంటే ఏఏ. దీని పుట్టుకే ఒక వెతుకులాట. 1935 మేలో బిల్ విల్సన్ అనే వ్యాపారి పని మీద అమెరికాలోని ఆక్రన్ పట్నానికి వెళ్లాడు. తాగుడు మాని కొన్ని నెలలే అయింది. పని చెడింది, హోటల్లో ఒంటరి, పక్కనే బార్. బార్‌లోకి పోకుండా లాబీలో ఫోన్ పట్టుకుని, తనలాంటి ఇంకో తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని ఊరంతా వాకబు చేశాడు. అలా దొరికినవాడే డాక్టర్ బాబ్ స్మిత్. ఆ డాక్టర్ చివరి చుక్క తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కేస్తారు. 1957 నాటికి ఇది ఇండియాకూ వచ్చింది.

మీటింగ్‌లో ఏం జరుగుతుంది? పెద్దగా ఏమీ ఉండదు. గంట, గంటన్నర కూర్చుంటారు. ఒక్కొక్కరు తమ కథ చెబుతారు, మిగతావాళ్లు వింటారు. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. దేవుడి మాట వస్తుంది కానీ ఏ మతానికీ సంబంధం లేదు. ‘ఇయ్యాల ఒక్కరోజు తాగను’ అన్నదే లెక్క. ఇది పనిచేస్తుందా అంటే, 2020లో కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను కలిపి చూసింది. ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవాళ్లు ఏఏ బాటలో 42 శాతం, ఇతర చికిత్సల్లో 35 శాతం. మంత్రం కాదు.. కానీ పైసా ఖర్చు లేనిదానికి ఇది తక్కువేం కాదు.

మరి మన దగ్గర వెతికేదెలా? ముందు 14446కు ఫోన్ చేయండి. ఇది మత్తు మాన్పించేందుకు కేంద్రం నడిపే టోల్‌ఫ్రీ నంబర్. 14416 టెలీ మానస్‌లో 24 గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు. తర్వాత కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రి లేదా ఆదిలాబాద్ రిమ్స్‌లో మానసిక వైద్య విభాగానికి వెళ్లి, ‘మానేసినవాళ్లు కలిసే గ్రూప్ ఎక్కడుంది?’ అని సూటిగా అడగండి. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో మీటింగ్‌ల కోసం చూసేటప్పుడు జిల్లా పేరుతోనే ఆగొద్దు. గోదావరిఖని, మంచిర్యాల, జగిత్యాల, నిర్మల్.. ఇలా ఊళ్ల పేర్లతోనూ వెతకండి. సింగరేణి షిఫ్టులో ఉన్నవాళ్లకు, బస్సు సరిగా లేని ఏజెన్సీ వాళ్లకు ఆన్‌లైన్ మీటింగ్ తేలిక. మొదటిసారి వెళ్లేవాళ్లు ‘ఓపెన్ మీటింగ్’ ఎప్పుడో అడిగితే ఇంటివాళ్లనూ తీసుకెళ్లొచ్చు.

దగ్గర్లో ఏదీ లేకపోతే? ఏఏ పద్ధతి ప్రకారం ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చున్నా అది గ్రూపే. బడి గదైనా చాలు. అయితే ఇప్పసారా ఆచారంలో భాగమైన గూడేల్లో ‘మొత్తం మానెయ్’ అనడం పట్నంలో అన్నంత తేలిక కాదు. అక్కడ బయటివాళ్ల ఉపన్యాసం కంటే ఆ గూడెంలోనే మానేసిన ఇద్దరి మాట ఎక్కువ పనిచేస్తుంది.

ఒక్క ప్రమాదం మాత్రం గుర్తుంచుకోవాలి. రోజూ పొద్దున్నుంచే తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం జరిగితే ప్రాణం మీదికి వచ్చినట్టే. వెంటనే 108కి ఫోన్ చేయాలి. 2020 లాక్‌డౌన్‌లో మందు, కల్లు దొరక్క హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం బారులు తీరింది ఇందుకే. ఇలాంటివాళ్లు దీక్ష తీసుకున్నా, గ్రూప్‌కు వెళ్లాలనుకున్నా ముందు డాక్టర్‌ను కలవాలి. గ్రూప్ ఆసుపత్రికి బదులు కాదు, ఆసుపత్రి నుంచి వచ్చాక మొదలయ్యేది.

గోడల మీద ‘తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మానేస్తారు’ అని రాసి ఉంటుంది కదా.. వాటి జోలికి పోవద్దు. డైసల్ఫిరామ్ లాంటి మందు ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి, గుండెకు ముప్పు రావొచ్చు. రోగికి చెప్పి, డాక్టర్ రాస్తేనే వాడాల్సిన మందు అది.

ఇంకో విషయం.. భర్తో కొడుకో మీటింగ్‌కు రానంటే భార్య, తల్లి ఆగిపోవాల్సిన పని లేదు. కుటుంబాల కోసం ‘అల్ అనాన్’ అనే వేరే గ్రూపులు 1951 నుంచే ఉన్నాయి. 14416కు ఇంటివాళ్లూ ఫోన్ చేయొచ్చు. తాగే మనిషి పక్కన ఉండాల్సిన అవసరం లేదు.