మంచుకొండకి మూట కడుతున్నారా?

సంక్రాంతి సెలవులంటే అరిసెలు, జంతికలు, అమ్మమ్మగారి ఊరు! అయితే ఈమధ్య హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు "అమ్మా, ఈ సెలవులకి మంచులో ట్రెక్కింగ్‌కి వెళ్తున్నాం" అని ఫోను చేస్తున్నారు. పిల్లలదాకా ఎందుకు, నలభై దాటిన గృహిణులు కూడా నలుగురు కలిసి బయల్దేరుతున్నారు. వద్దనడం ఒక్క నిమిషం పని. దానికంటే ఆ కొండమీద చలి ఎలాంటిదో, మూటలో ఏం సర్దాలో, ఎక్కడ వెనక్కి తిరగాలో తెలుసుకుని పంపడం మంచిది కదా!

అలా వెళ్లే చోట్లలో కేదార్‌కంఠ ఒకటి. పేరు చూసి కేదార్‌నాథ్ అనుకునేరు, అది వేరు. ఇది ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశీ జిల్లాలో, గోవింద్ వన్యప్రాణి అభయారణ్యంలో ఉంది. డెహ్రాడూన్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు కొండదారిలో వెళితే సాంక్రీ అనే ఊరు వస్తుంది. నడక అక్కడినుంచే మొదలు. శిఖరం ఎత్తు సుమారు 12,500 అడుగులు. మన లంబసింగి ఎత్తు సుమారు 3,000 అడుగులే. అక్కడికే రెండు స్వెట్టర్లు తొడుక్కుంటాం. వెయ్యి మీటర్లు పైకెళ్తే ఆరేడు డిగ్రీలు తగ్గుతుందని లెక్క. జనవరి రాత్రుల్లో కేదార్‌కంఠ పైభాగంలో సున్నాకి పది డిగ్రీలు దిగువకు పోవడం కూడా ఉంది. దానికి ఈదురుగాలి తోడైతే ఒంటికి ఇంకా చలిగా తెలుస్తుంది.

తడి బట్టే అసలు శత్రువు

మన ఎండలకి నూలుబట్టని మించింది లేదు. కానీ మంచులో అదే పనికిరాదు. నూలు చెమటని పీల్చుకుని ఓ పట్టాన ఆరదు. వేసవిలో కుండ చుట్టూ తడిగుడ్డ కట్టి నీళ్లు చల్లబరుస్తాం చూడండి, సరిగ్గా అదే పని అక్కడ ఒంటిమీద జరుగుతుంది. అందుకే జీన్స్ ప్యాంట్లు, కాటన్ బనియన్లు ఇంట్లోనే ఉంచేయండి. లోపల చెమట త్వరగా ఆరిపోయే బట్ట, దానిపైన ఉన్నిది, అన్నిటికీ పైన గాలీ తడీ చొరబడని కోటు - ఇలా మూడు పొరలుండాలి. ఎక్కేటప్పుడు చెమట పట్టకముందే ఒక పొర తీసేయాలి, ఆగగానే వేసుకోవాలి. రాత్రి పడుకునేందుకు ఒక జత పొడిబట్టలు, మేజోళ్లు ప్లాస్టిక్ సంచిలో విడిగా ఉంచాలి. వాటిని పగలు ముట్టుకోకూడదు.

ఒంటి వేడి 35 డిగ్రీల కంటే పడిపోతే ప్రమాదం. మొదట వణుకు, తర్వాత మాట తడబడడం, అడుగు తూలడం, మనిషి మందకొడిగా అయిపోవడం జరుగుతాయి. వణుకు ఆగిపోయిందంటే తగ్గిందని కాదు సుమా, ముదిరిందని. వెంటనే గాలి తగలని చోటికి చేర్చి, తడిబట్టలు మార్చి, దుప్పట్లు కప్పాలి. స్పృహ ఉంటే వెచ్చటి తియ్యటి పానీయం పట్టాలి. చలికి మందు పుచ్చుకోవాలని కొందరంటారు. అది తాగితే వెచ్చగా ఉన్నట్టు అనిపిస్తుందే గాని, ఒంట్లో వేడి ఇంకా తొందరగా పోతుంది.

వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కితే రుద్దకూడదు, మంటకి కాచకూడదు. స్పర్శ తెలియకపోవడం వల్ల కాలినా తెలీదు. చంకలో పెట్టుకుని వెచ్చబరచుకుని, వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

తలనొప్పిని దాచుకోవద్దు

8,000 అడుగులు దాటాక గాలి పలచబడుతుంది. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, కళ్లు తిరగడం అప్పుడే మొదలవుతాయి. ఆరోగ్యవంతులకీ, కుర్రవాళ్లకీ కూడా రావచ్చు. ఇక్కడే మనవాళ్లు పొరపాటు చేస్తారు. డబ్బు కట్టాం కదా, నా వల్ల అందరికీ ఆలస్యం కదా అని పైకి చెప్పరు. తలనొప్పితో ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గకపోతే కిందికి దిగాలి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, విపరీతంగా దగ్గు వస్తున్నా, మాట పొంతన లేకపోయినా అర్ధరాత్రయినా సరే తోడిచ్చి దింపాల్సిందే. డయామాక్స్ వంటి మాత్రలు డాక్టరునడిగే వాడాలి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. రక్తహీనత, ఉబ్బసం, బీపీ ఉన్నవాళ్లు పరీక్షలు చేయించుకున్నాకే టిక్కెట్టు కొనాలి.

2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వెళ్లిన బృందం మంచుతుఫానులో చిక్కుకుంది. తొమ్మిదిమంది చనిపోయారు. అది జూన్ నెల! జనవరిలో ఇంకెంత జాగ్రత్త కావాలో చెప్పనక్కర్లేదు.

డబ్బు కట్టేముందు అడగండి

గైడు ఎవరు? ఎంతమందికి ఒకరు? ఆక్సిజన్ సిలిండరు ఉంటుందా? అటవీశాఖ అనుమతి తీసుకున్నారా? ఎన్ని గంటలకి, ఎక్కడున్నా సరే వెనక్కి తిరుగుతారు? ఈ చివరి ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పనివాళ్లతో పంపకండి. భారీగా కొత్త మంచు పడిన మర్నాడు ఏటవాలు చరియల కింద నడవడం ప్రమాదం. అలాంటప్పుడు ఒకరోజు ఆగే వీలు వాళ్ల ప్రయాణంలో ఉండాలి.

నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిందని అందరం చెప్పుకుంటాం. భువనగిరి కొండమీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో శిక్షణ పొందాకే ఎక్కిందన్న సంగతి కూడా చెప్పుకోవాలి. కనీసం ఆరువారాల ముందునుంచి రోజూ గంటసేపు నడక, మేడమెట్లు ఎక్కడం అలవాటు చేసుకోవాలి.

మూటలో ఇవి ఉన్నాయా?

* నువ్వుండలు, సున్నుండలు, వేరుశనగ చిక్కీ. ఆకలి లేనప్పుడు కూడా నాలుగు ముక్కలు తినాలి.
* ఫ్లాస్కు. చలిలో దాహం తెలీదు. అయినా రోజుకి మూడు లీటర్ల నీళ్లు తాగాలి.
* నల్లకళ్లద్దాలు. మంచుమీద పడి తిరిగివచ్చే ఎండ కళ్లని దెబ్బతీస్తుంది.
* తడవని బూట్లు. గడ్డకట్టిన మంచుమీద జారకుండా బూట్లకి తగిలించుకునే ఇనుప పళ్లు.
* తలదీపం. ఫోను, బ్యాటరీలు రాత్రి పక్కలో పెట్టుకోవాలి. చలికి త్వరగా దిగిపోతాయి.
* ఆడపిల్లలకి శానిటరీ ప్యాడ్లు, వాడినవి కొండమీద పారేయకుండా తిరిగి తెచ్చేందుకు జిప్పు కవర్లు.

గుడారంలో కుంపటి, స్టవ్ వెలిగించకూడదని మరీమరీ చెప్పండి. ఆ పొగలోని విషవాయువుకి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కొండమీద ఫోను అందకపోవచ్చు. కాబట్టి ఏ రోజు ఎక్కడుంటారో, దిగాక ఏ రోజు ఫోను చేస్తారో కాగితంమీద రాయించుకుని ఫ్రిజ్‌కి అంటించుకోండి. నిర్వాహకుల నెంబరు కూడా రాసుకోండి. అప్పుడు మధ్యలో ఫోను మోగకపోయినా మీకు కంగారుండదు.

బయల్దేరేటప్పుడు "జాగ్రత్త" అని ఎలాగూ అంటాం. ఈసారి దానికి ఇంకో మాట చేర్చండి - "పైదాకా వెళ్లకుండా తిరిగొచ్చినా ఇంట్లో ఎవరూ నవ్వరు". కొండమీద తలనొప్పి మొదలైనప్పుడు, ఆ విషయం దాచకుండా చెప్పడానికి వాళ్లకి ఆ మాటే ధైర్యం.