రియాలిటీ షోల్లో ‘ఫోస్టర్’ కుక్కలు.. కెమెరా ఆగాక వాటి సంగతేంటి?

కొత్త ఇంటి గుమ్మం దగ్గర బెరుకుగా నిలబడ్డ కుక్క. పక్కన కళ్లనీళ్లు పెట్టుకున్న కుటుంబం. వెనకాల మ్యూజిక్. అమెరికా, బ్రిటన్ టీవీల్లో బాగా పండే సీన్ ఇది. అయితే ఆ సీన్‌కి ముందూ తర్వాతా జరిగేదే అసలు కథ.

ఇంతకీ ఫోస్టర్ అంటే ఏంటి? దత్తత వేరు, ఇది వేరు. షెల్టర్‌లో చోటు లేనప్పుడో, కుక్కకు ఆపరేషన్ అయినప్పుడో, కూనలు మరీ పసివైనప్పుడో ఒక కుటుంబం వాటిని కొన్ని వారాలో నెలలో తమ ఇంట్లో ఉంచుకుంటుంది. శాశ్వతంగా పెంచుకునేవాళ్లు దొరికాక అప్పగించేస్తుంది. వైద్యం ఖర్చు సాధారణంగా సంస్థే భరిస్తుంది. షెల్టర్ బోనులో ముడుచుకు పడుకున్న కుక్క చిన్నపిల్లల్ని చూస్తే బెదురుతుందా, పిల్లి కనబడితే వెంటపడుతుందా అన్నది తేలేది ఫోస్టర్ ఇంట్లోనే.

టీవీకి కావాల్సిందీ ఇదే. ‘ఇవ్వలేం, మేమే ఉంచేసుకుంటాం’ అని ఆ కుటుంబం చివర్లో మనసు మార్చుకుంటే ఇక ఎపిసోడ్ హిట్టే! దీన్నే అక్కడ సరదాగా ‘ఫోస్టర్ ఫెయిల్’ అంటారు. ఆ కుక్కకు మంచిదే. కానీ ఆ కుటుంబం ఇంకో కుక్కను తీసుకోకపోతే షెల్టర్‌కు ఒక ఇల్లు తగ్గినట్టే. వరుసలో ఉన్న తర్వాతి కుక్కకు చోటుండదు. ఈ ముక్క షోల్లో పెద్దగా వినిపించదు.

షూటింగ్‌తో ఇంకో చిక్కు. కొత్త ఇంట్లో కుదురుకోవడానికి మొదటి 3 రోజులు బెదురు, 3 వారాలకు అలవాటు, 3 నెలలకు ధీమా అని రెస్క్యూ సంస్థలు ఉజ్జాయింపు లెక్క చెబుతుంటాయి. టీవీ వాళ్లకేమో ఆ మొదటి రోజే కావాలి. బ్రిటన్‌లో చానెల్ 4 2019లో మొదలుపెట్టిన ‘ది డాగ్ హౌస్’ దీనికో దారి చూపించింది. వుడ్ గ్రీన్ అనే సంస్థ షెల్టర్‌లో తీసే ఈ షోలో కెమెరాలు ముందే బిగించేసి దూరం నుంచి నడిపిస్తారు. కుక్క ఎదుట కెమెరామన్ ఉండడు. ఇది దత్తత షోనే అయినా, ఫోస్టర్ ఇళ్లకూ పనికొచ్చే పద్ధతే.

అమెరికా ‘పప్పీ బౌల్’ది మరో తీరు. షెల్టర్ల నుంచి వచ్చిన కుక్కపిల్లలే ఇందులో ఆటగాళ్లు. 2005 నుంచి సూపర్ బౌల్ జరిగే రోజే వస్తోంది. షూటింగ్ మాత్రం నెలల ముందే అయిపోతుంది. అందుకే టీవీలో చూసి మనసు పారేసుకున్న కూన చాలావరకు అప్పటికే ఎవరింటికో వెళ్లిపోయి ఉంటుంది. దానికోసం ఆరా తీసినవాళ్లు ఆ షెల్టర్‌లో మిగిలినవాటిని చూస్తారన్నదే ఆశ.

తెరమీద చూసి ముచ్చటపడితే ఏమవుతుందో మనకీ అనుభవమే. 2003లో హచ్ యాడ్ వచ్చాక పగ్‌లకు ఎంత గిరాకీ పెరిగిందో గుర్తుందిగా! చప్పిడి ముక్కు వల్ల ఆ జాతికి మన ఎండల్లో ఊపిరాడటమే కష్టమని ఆ యాడ్ ఎందుకు చెబుతుంది? ఫోస్టర్ కుటుంబమైతే చెబుతుంది. కొరికేసిన చెప్పులు, తడిసిన పరుపు, రాత్రంతా మొరిగిన సంగతి కూడా. ఎడిటింగ్‌లో అవి మిగిలితేనే చూసేవాళ్లకు ఉపయోగం.